పునర్మూల్యాంకన రుసుము

వెంకటరామయ్యగారు తమ జీవితంలో ఎన్నడూ ధర చెప్పి ఎరుగరు. పోనీ ధర అడగడమైనా ఎరుగుదురా అంటే, కూరగాయల బండి దగ్గర ఆ వ్యవహారమంతా ధర్మపత్ని వీరలక్ష్మిగారి చేతిలో ఉండేది కనుక, అదీ నిశ్చయంగా చెప్పలేము. కాకినాడలో ప్రభుత్వ కళాశాలలో ముప్పై ఏళ్ళకు పైగా ఆంగ్లం బోధించి, పదవీ విరమణ అనంతరం హైదరాబాదు వచ్చి ప్రగతి నగర్‌లో చెరువుకు రెండు వీధుల ఇవతల ఇల్లు కట్టుకున్న పెద్దమనిషికి ధర చెప్పవలసిన అగత్యం ఎందుకు కలుగుతుంది? జీతమెంతో ప్రభుత్వమే నిర్ణయించింది. పెన్షనెంతో ప్రభుత్వమే నిర్ణయించింది. పెన్షను సవరణ బకాయిలు ఎప్పుడు చెల్లించాలో మాత్రం ప్రభుత్వం ఇంకా తీరిగ్గా ఆలోచిస్తూ ఉంది.

ఆ ఆలోచన సాగినకొద్దీ ఇంట్లో ముందుగదికి ముప్పు దగ్గరపడింది.

ముందుగది అంటే వెంకటరామయ్యగారి దృష్టిలో గ్రంథాలయం. మూడు గోడల నిండా పుస్తకాలు, నాలుగో గోడకు కిటికీ, కిటికీ కింద రాతబల్ల. వీరలక్ష్మిగారి దృష్టిలో అది వీధిలోకి వేరే తలుపున్న గది. ఆ తలుపు విలువ ఆవిడకు సంక్రాంతి వెళ్ళిన వారంలో బోధపడింది.

"అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్చుకునే పిల్లలటండీ, ముగ్గురు. అక్కడ అద్దెలు మండిపోతున్నాయని ఇంతదూరం వచ్చారు. నెలకి పదిహేను వందలిస్తారట. ఉగాదికి చేరతామన్నారు" అన్నారావిడ, కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"నా పుస్తకాలు?"

"అటక మీద బోలెడు చోటుంది. ఇత్తడి బిందెలు కిందకి దింపించేస్తాను."

ఆంగ్ల కవులందరూ ఇత్తడి బిందెల స్థానానికి పదోన్నతి పొందబోతున్నారని గ్రహించిన వెంకటరామయ్యగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కళాశాలలో ఆయన ఆగ్రహానికి పరాకాష్ఠ అదే.

"ఉగాదిలోగా ఆ గది ఏడాది అద్దె నేనే సంపాదించి నీ చేతిలో పెడితే?"

వీరలక్ష్మిగారు నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు కొంత బాగుండేది. "పద్దెనిమిది వేలు. పెట్టండి. ఆ పిల్లలకి వద్దని నేనే చెప్పేస్తాను" అన్నారు.

మాట అయితే అనేశారు గాని, పద్దెనిమిది వేలు సంపాదించే మార్గం వెంకటరామయ్యగారికి తెలియదు. దాన్ని రవికిరణ్ తీసుకువచ్చాడు. అతను కాకినాడలో ఆయన దగ్గర చదువుకున్నవాడు. చదువుకున్నాడన్నది కళాశాల హాజరుపట్టీ చెప్పే మాట. ఇప్పుడు మాదాపూర్‌లో కాలజ్ఞ సిస్టమ్స్ అనే సంస్థలో జమాఖర్చుల విభాగానికి అధిపతి. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తారీఖు మరిచి తబ్బిబ్బు పడతాయనీ, ముందే తమకు అప్పగిస్తే కుదురుస్తామనీ ఆ సంస్థ చాటుకుంటూ ఉండేది. ఇతరుల తారీఖులు సరిచేసే ఆ సంస్థకు తనవైన పనులు ఏ తారీఖుకూ పూర్తికావన్న సంగతి రవికిరణ్ అప్పుడు చెప్పలేదు.

"మాస్టారూ, మా ఎండీగారికి ఒక్క వాక్యం కావాలండి. ఇంగ్లీషులో. రాసేవాళ్ళు దొరక్క నానా తంటాలు పడుతున్నాం. మీరైతే చిటికెలో రాసేస్తారు" అన్నాడు.

చిటికెలో రాసేది వాక్యం కాదు, సంతకం అని వెంకటరామయ్యగారు అతణ్ణి సవరించి, మరునాడే బయలుదేరారు.

మాదాపూర్ అప్పుడు సగం బండరాళ్ళు, సగం భవిష్యత్తుగా ఉండేది. సైబర్ టవర్స్ అనే గుండ్రటి కొత్త భవంతి మధ్యలో అద్దాలతో మెరుస్తుంటే, చుట్టూ రాళ్ళు పేల్చే చప్పుళ్ళు. కాలజ్ఞ సిస్టమ్స్‌కు అందులో చోటు దొరకలేదు. ఎదుటి వీధిలో మూడంతస్తుల మేడ కిరాయికి తీసుకుని, సమావేశ గదిలో కుర్చీలన్నీ ఆ గుండ్రటి భవంతి కిటికీలోంచి కనిపించేటట్టు అమర్చుకున్నారు. చూసేవారు ఎక్కడ కూర్చున్నామో మరిచిపోయి, ఏది చూస్తున్నామో దాన్నే గుర్తుపెట్టుకుంటారని వారి ఆశ.

వచ్చేవారిని పలకరించే హాల్లో, గోడకు చేర్చి నిలబెట్టిన నల్ల గ్రానైట్ పలక ఒకటి ఉంది. నున్నగా సానబట్టి, పాలిథీన్ కాగితం చుట్టి, అక్షరం కోసం ఎదురుచూస్తోంది. ఉగాదినాడు ఆ కార్యాలయం ప్రారంభోత్సవం. ఆలోగా సంస్థ ఆశయాన్ని దాని మీద చెక్కించాలి.

మేనేజింగ్ డైరెక్టరు సాయిచంద్ ముప్పై అయిదేళ్ళవాడు, వినయశీలి. ఆ చుట్టుపక్కల ఊరివాడే. తాతల నాటి పొలంలో సీతాఫలాలు తప్ప మరేమీ పండేవి కావు. ఇప్పుడు దానిలో మిగిలిన చెక్క అమ్మి ఈ సంస్థ పెట్టాడు.

"రాండ్రి సార్, జర కూర్చోండ్రి. ఒక్కటే లైను సార్. మిషన్ స్టేట్‌మెంట్ అంటరు. మనం ఎవరు, ఏం జేస్తం, గదంత ఒక్క లైన్ల రావాలె. ఇగ మీ రేటు జెప్పుండ్రి."

వెంకటరామయ్యగారి వెన్నెముక నిటారుగా అయింది. ఆయన జన్మించిన ప్రాంతంలో ఇటువంటి ప్రశ్నకు తరతరాలుగా ఒకటే జవాబు.

"విద్యకు రేటేమిటండీ! మీకు తోచింది ఇవ్వండి."

ఈ మాటకు గోదావరి జిల్లాల్లో ఒక కట్టుబాటు ఉంది. అన్నవాడు తక్కువ ఆశించడు. విన్నవాడు తక్కువ ఇవ్వడు. అడిగి ఉంటే ఎంత అడిగేవాడో ఊహించి, దానికి పైన మరికాస్త వేసి, తమలపాకుల్లో పెట్టి ఇవ్వడం మర్యాద. ఇరుపక్షాలకూ ఈ రహస్యం తెలుసు కనుక ఇరుపక్షాలూ నష్టపోవు. పంపిన సంకేతాన్ని అందుకునే ఏర్పాటు మాదాపూర్‌లో ఇంకా జరగలేదని మాత్రం వెంకటరామయ్యగారు యోచించలేదు.

"వారెవ్వా! గిట్లాంటి దిల్ ఉన్న మనిషిని చూడలే సార్ నేను" అని సాయిచంద్ చేతులు జోడించాడు. ఖర్చు లేదన్న మాట అతని మనసులో ఆ క్షణానే స్థిరపడింది. అతని మనసులో అంత వేగంగా స్థిరపడిన విషయం ఆ తరువాత మరొకటి లేదు.

వారం రోజులు ముందుగదిలో కూర్చుని వెంకటరామయ్యగారు ఆ వాక్యం రాశారు. అనవసరమైన మాట ఒక్కటి లేకుండా, పూర్వకాలపు ఆంగ్ల గద్యానికి తలవంపులు రాకుండా రాశారు. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "ఒప్పుకున్న పనిని, ఒప్పుకున్న నాటికి, ఒప్పుకున్నట్టు చేసి ఇవ్వడమే మా వృత్తి."

సమావేశ గదిలో ఆయన దాన్ని గంభీరంగా చదివారు. సాయిచంద్, రవికిరణ్ గాక అక్కడ మరో ఇద్దరున్నారు. సిబ్బంది వ్యవహారాలు చూసే యశస్విని, అమ్మకాలు చూసే మధుకర్. నలుగురూ ఒక్క క్షణం మౌనం వహించారు. ఆ మౌనాన్ని రసానుభూతిగా భావించడం వెంకటరామయ్యగారు చేసిన రెండో పొరపాటు.

"మస్తుంది సార్" అన్నాడు మధుకర్. "కానీ గ్లోబల్ అనే మాట లేదు గద. గ్లోబల్ లేకుంటే ఎవడు నమ్ముతడు సార్?"

"బ్యూటిఫుల్ సార్, రియల్లీ" అంది యశస్విని. "కాకపోతే ప్యాషన్ ఏది సార్? చదువుతుంటే డ్యూటీ చేస్తున్నట్టు ఉంది."

"డ్యూటీ చేయడమే కదమ్మా చెబుతున్నది!"

"అదే సార్ నేననేది."

రవికిరణ్ గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, అద్భుతం. ఆ 'ఒప్పుకున్న నాటికి' అన్నదే కొంచెం... రాతి మీద రాసుకుంటే రేపు కస్టమర్లు దాన్ని చూపించి పట్టుకుంటారండి. 'వీలైనంత' అని ఒక్క మాట ముందు వేయండి."

అందరూ సాయిచంద్ వైపు చూశారు. సాయిచంద్ కిటికీలోంచి గుండ్రటి భవంతి వైపు చూశాడు.

"నాకైతే మంచిగనే అనిపిస్తున్నది. కానీ నేనొక్కన్నే ఏదీ డిసైడ్ చెయ్య సార్. మా తాత ఒక్కడే డిసైడ్ జేసి మంచి భూమి అగ్గువకు అమ్మిండు. అమ్మిన రెండేండ్లకే ఈ టవర్ లేచింది. ఇంట్ల ఆయన ఫొటోకు దండ ఏసుకుంట గూడ తిడుతరు. అందరం ఒప్పుకున్నదే పెడదాం. జర అందరివి చూసి మార్చుండ్రి."

వెంకటరామయ్యగారు మార్చారు. గ్లోబల్ చేర్చారు. ప్యాషన్ చేర్చారు, అప్పుడు గ్లోబల్ ప్యాషన్ అంటే ఏదో అంటువ్యాధిలా ఉందని మధుకర్ అన్నాడు. వీలైనంత చేర్చారు, అప్పుడు వీలుకానిది ఎంత అని సాయిచంద్ బావమరిది ఎవరో ఫోనులో అడిగాడట. శ్రేష్ఠత, సమష్టితత్వం, వినియోగదారుని చిరునవ్వు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ఒక దశలో సిద్ధాంతిగారు అక్షరాల కూడిక తొమ్మిదికి తేలాలన్నారని కబురు వచ్చింది, ఎం.ఏ. మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడైన వెంకటరామయ్యగారు వేళ్ళు మడిచి అక్షరాలు లెక్కపెట్టుకున్నారు. చివరకు వాక్యం పెరిగి పెరిగి పలకలో పట్టనంతైంది. మాటలు తగ్గించమన్నారు. తగ్గించి తగ్గించి, మొదటి వాక్యానికి ఒక మాట ఎడంలోకి వచ్చాక, "ఇదేందో ఇంతకుముందు చూసినట్లున్నది సార్, కొత్తది ఏమన్న ఆలోచించుండ్రి" అన్నాడు మధుకర్.

ప్రతిసారీ వెళ్ళేందుకూ వచ్చేందుకూ ఆటో ఖర్చు వెంకటరామయ్యగారిదే. ప్రతిసారీ వారు టీ ఇచ్చారు. ఆ టీ మాత్రం ఎవరి అభిప్రాయంతోనూ నిమిత్తం లేకుండా ఒక్క తీరుగా ఉండేది.

శివరాత్రి వెళ్ళిపోయింది. ఎండ ముదిరింది. ఒక ఆదివారం కోబాల్ విద్యార్థులు ముగ్గురూ టేపు తెచ్చి, మంచాలు ఎలా పడతాయోనని ముందుగది కొలుచుకుని వెళ్ళారు. కొలిచేటప్పుడు వారు రాతబల్లను ఇవతలకు జరిపి, దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టడం మరిచిపోయారు. తిరిగి జరపకుండా వెంకటరామయ్యగారు చాలాసేపు దాని ముందు నిలబడ్డారు.

"ఇంతకీ ఎంతిస్తామన్నారండీ వాళ్ళు?" అని అడిగారు వీరలక్ష్మిగారు. ఈ ప్రశ్న ఆవిడ అంతవరకూ అడగకపోవడం ఆయన మీద గౌరవంతోనే.

"తోచింది ఇవ్వమన్నాను."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "మరైతే వాళ్ళకేమీ తోచలేదన్నమాట" అన్నారు.

ఆ రాత్రి భోజనంలో, మజ్జిగ దగ్గర, వెంకటరామయ్యగారికి విశ్వవిద్యాలయం గుర్తుకువచ్చింది.

ఉద్యోగంలో ఉండగా ఆయన కొంతకాలం జవాబుపత్రాల మూల్యాంకన శిబిరానికి అధికారిగా ఉన్నారు. అప్పట్లో మార్కుల మీద అసంతృప్తి ఉన్న విద్యార్థి ఎవరైనా, పత్రం మళ్ళీ దిద్దించమని ఉచితంగా కోరవచ్చు. తప్పినవారందరూ కోరారు, గట్టెక్కినవారూ కోరారు, పరీక్షకు రానివారు కూడా ఇద్దరు కోరారు. శిబిరం మునిగిపోయింది. ఆ మరుసటి ఏడు విశ్వవిద్యాలయం పునర్మూల్యాంకన రుసుము విధించింది. ముందుగా కట్టాలి, కోరినవాడే కట్టాలి. మార్కులు మారితే రుసుము వాపసు. మారకపోతే అది విశ్వవిద్యాలయానికి చెందుతుంది. అంతే. రాష్ట్రంలోని యువతరానికి తమ మార్కులు న్యాయమైనవేనన్న నమ్మకం రాత్రికి రాత్రి కలిగింది.

"లక్ష్మీ! అభిప్రాయం ఉచితం కావడమే సమస్త అనర్థాలకూ మూలం" అన్నారు వెంకటరామయ్యగారు, చెయ్యి కడుక్కోకుండానే.

"అది సరే. ముందు అసలు ధర చెప్పాలి కదా మీరు. చెప్పగలరా?"

అదే క్లిష్టమైన ఘట్టం. సిద్ధాంతం ఎంత ఉదాత్తమైనదైనా అంకె నోటివెంట రావాలి.

"ఏదీ, నేను సాయిచంద్‌ననుకోండి. చెప్పండి" అని వీరలక్ష్మిగారు కుర్చీలో కూర్చున్నారు.

"చూడండి, ఇది భాషకు సంబంధించిన శ్రమ గనుక, దానిని మీరు సముచితంగా..."

"అంకె చెప్పండి."

"వారే గ్రహించాలి గాని..."

"గ్రహించరండీ. రెండు నెలలుగా గ్రహిస్తూనే ఉన్నారు. పద్దెనిమిది వేలు. అనండి."

"పద్దె..." అని ఆయన దగ్గారు. తనను తానే సంతలో నిలబెట్టుకున్నట్టనిపించింది. గది కేసి చూశారు. జరిపిన బల్ల ఇంకా జరిగే ఉంది. "పద్దెనిమిది వేలు" అన్నారు.

"ఇంకొంచెం గట్టిగా. బ్రతిమాలినట్టుంది."

వారిద్దరూ ఈ పాఠాన్ని చాలాసేపు వల్లెవేశారు.

రెండు రోజుల తరువాత సమావేశ గదిలో వెంకటరామయ్యగారు కూర్చోలేదు. నిలబడ్డారు. తరగతిలో అలవాటైన పద్ధతిలో కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకున్నారు.

"ఆర్యులారా, నేను మీకిచ్చినది మొదటి వాక్యం. దాని వెల పద్దెనిమిది వేల రూపాయలు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సాయిచంద్ ముందుకు వంగాడు.

"గింతేనా సార్?"

"ఏమన్నారు?"

"బెంగళూరోళ్ళను అడిగితే ఇదే లైన్‌కు రెండు లక్షలు జెప్పిండ్రు సార్. మీరేమో మీకు తోచిందియ్యండ్రి అంటిరి. ఇగ నాకు అప్పటిసంది ఒకటే పరేషాన్. ఫ్రీగ అస్తున్నది, మంచిదో కాదో ఎట్ల తెలుస్తది? అందుకే గద అందరినీ అడుగుడు."

వెంకటరామయ్యగారు కుర్చీ వీపును కొంచెం గట్టిగా పట్టుకున్నారు. రెండు నెలలుగా తన గద్యంలో లోపం వెదుకుతున్నారనుకున్న మనుషులు ఇంతకాలమూ వెదికింది ధర చీటీ అని ఆయనకు బోధపడింది. ముప్పై వేలు అని ఉంటే అక్కడికక్కడే కళాఖండం అయిపోయేది కాబోలు. కాని అన్న మాట వెనక్కు తీసుకోవడం ఆయనకు చేతకాదు.

"రెండో నిబంధన" అన్నారు. "ఇకపై ఎవరికైనా మార్పు కావాలంటే వెయ్యి రూపాయలు పునర్మూల్యాంకన రుసుము ముందుగా చెల్లించాలి. సంస్థ సొమ్ము కాదు. అభిప్రాయం ఎవరిదో, రుసుము వారి జేబులోనిది. కోరిన మార్పు రాతి మీద నిలిస్తే వెయ్యీ వాపసు. నిలవకపోతే నాకు చెందుతుంది."

"మాస్టారూ, నా జేబులోంచా?" అన్నాడు రవికిరణ్. అతని ముఖంలో గురుభక్తి తొలిసారి సన్నగిల్లింది.

"పరీక్ష ఎవరిదో రుసుము వారిదే, రవికిరణ్. నీవు మూడుసార్లు కట్టినవాడివి. నీకు కొత్త కాదు."

మూడో నిబంధన చిన్నది. రుసుము కట్టనిదే హాల్ టికెట్ ఇవ్వరు కనుక, చెక్కు చేతికి అందనిదే వాక్యం శిల్పికి వెళ్ళదు.

ఈ దెబ్బతో నలుగురి నోళ్ళూ మూతపడతాయనీ, విద్యార్థుల వలె వీరికీ ఉన్నదే న్యాయమన్న నమ్మకం కలుగుతుందనీ వెంకటరామయ్యగారి అంచనా. విద్యార్థులకూ అధికారులకూ ఒక వ్యత్యాసం ఉంది. విద్యార్థికి ఫలితం కావాలి. అధికారికి పక్క అధికారి కంటె తన మాట చెల్లాలి.

మధుకర్ జేబులోంచి పర్సు తీశాడు. "నేను పెడుత సార్ వెయ్యి. గ్లోబల్ రావాలె. ఎట్లయిన వాపసు వస్తది గద."

"ఓహో, అలాగా!" అంది యశస్విని. హ్యాండ్‌బ్యాగు జిప్పు చప్పుడైంది. "ప్యాషన్, సార్. నా థౌజండ్ కూడా రాసుకోండి."

రవికిరణ్ ఇద్దరినీ చూశాడు. ఆ ఇద్దరి మాటలూ నిలిచి తనది పోతే జమాఖర్చుల విభాగానికి ఇక విలువేమిటి? నిట్టూర్చి, "వీలైనంత" అన్నాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

"మీరు ముగ్గురు పెడితే నేను పెట్టకుంటే ఎట్ల?" అన్నాడు సాయిచంద్ ఉత్సాహంగా. "నంబర్ వన్. నంబర్ వన్ అనే మాట పెట్టుండ్రి సార్."

నాలుగు వేలు వెంకటరామయ్యగారి ముందు బల్ల మీద చేరాయి. రెండు నెలల్లో ఆ బల్ల మీద ఆయన కోసం చేరిన మొట్టమొదటి వస్తువులు, టీ కప్పులు మినహా.

పలక మీద వాక్యం గాక ఇంకొక్క మాటకు మించి చోటు లేదని శిల్పి కొలిచి చెప్పి ఉన్నాడు. నాలుగు మాటల్లో ఒకటే నిలవాలి; అందరూ ఒప్పుకున్నదే పెట్టాలన్నది సాయిచంద్ స్వయంగా చేసిన శాసనం. ఇక కాలజ్ఞ సిస్టమ్స్‌లో ఆ వారం ఎవరూ ఎవరి తారీఖులూ సరిచేయలేదు. మధుకర్ అమ్మకాల వారినందరినీ బిర్యానీకి తీసుకువెళ్ళి గ్లోబల్ ఆవశ్యకతను వివరించాడు. యశస్విని ప్యాషన్ మీద సిబ్బందికి అరపూట శిక్షణ ఏర్పాటు చేసింది. నడవలో ఎదురైన ప్రతివారికీ రవికిరణ్ ఏదో ఒక కోర్టు కేసు కథ చెప్పి భయపెట్టాడు. నలుగురూ విడివిడిగా ప్రగతి నగర్‌కు ఫోను చేసి, "మీరు ఒక్క మాట నా పక్షాన చెప్పండి" అని వెంకటరామయ్యగారిని వేడుకున్నారు.

"మూల్యాంకన అధికారి పక్షపాతం చూపరాదు" అని ఆయన నలుగురికీ ఒకే జవాబిచ్చి ఫోను పెట్టేశారు. పక్షపాతం లేకపోవడంలో ఇంత ఆనందం ఉన్నదని ఆయనకు అంతకుముందు తెలియదు.

ఉగాదికి ముందు రోజు ఆఖరి సమావేశం జరిగింది. కింద హాల్లో శిల్పి ఉలి, సుత్తి పట్టుకుని, పలకకు చుట్టిన పాలిథీన్ విప్పి కూర్చున్నాడు.

"గ్లోబల్‌కు ఎంతమంది?" అని అడిగాడు సాయిచంద్.

మధుకర్ చెయ్యెత్తాడు. మిగిలిన చేతులు బల్ల మీదే ఉన్నాయి.

"ప్యాషన్?"

యశస్విని చెయ్యి ఒక్కటే లేచింది. మధుకర్ తన రెండు చేతులూ కట్టుకున్నాడు. "నాది పోయినంక నీది ఎట్ల ఉంటది మేడం?" అని స్పష్టంగానే అన్నాడు.

వీలైనంతకు వీలు కాలేదు. "మాస్టారి దగ్గర చదివిన రోజుల్నుంచీ నా అదృష్టం ఇంతేనండి" అని రవికిరణ్ గొణుక్కున్నాడు.

"పోనీ నంబర్ వన్?" అని సాయిచంద్ తన చెయ్యి ఎత్తి, ఎత్తినచోటే ఉంచి, చుట్టూ చూశాడు. జీతం ఇచ్చే మనిషి చెయ్యి అది. కాని ముగ్గురి వెయ్యి రూపాయలూ అప్పటికే పోయి ఉన్నాయి. సొంత జేబులోంచి వెయ్యి పోయిన మనిషికి ఉండే స్వాతంత్ర్యం నెల జీతం తీసుకునే మనిషికి ఉండదు. ముగ్గురూ కిటికీలోంచి గుండ్రటి భవంతిని తదేకంగా చూస్తూ ఉండిపోయారు.

సాయిచంద్ చెయ్యి దించాడు. "అంటే ఏదీ లేనట్టేనా? మరి ఇప్పుడు రాయి మీద ఏం రాయాలె?"

"మొదటి వాక్యం మీద ఎవరికీ అభ్యంతరం లేదు గదా?" అని వెంకటరామయ్యగారు అడిగారు.

ఎవరికీ లేదు. ఇతరుల మాట ఏదీ అందులో లేదన్న ఒక్క సుగుణానికి నలుగురూ దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. రవికిరణ్ చెక్కు రాసి ఇస్తూ, "ఏ పద్దు కింద చూపించాలో తెలియలేదండి. స్టాఫ్ ట్రైనింగ్ కింద రాశాను" అన్నాడు. విద్యార్థి జీవితంలోనూ ఉద్యోగ జీవితంలోనూ రవికిరణ్ ఇచ్చిన సరైన సమాధానం అదొక్కటే అని వెంకటరామయ్యగారు ఆటోలో తిరిగి వస్తూ అనుకున్నారు.

మరునాడు ప్రారంభోత్సవం ముహూర్తం దాటిన చాలాసేపటికి మొదలైంది. "ఒప్పుకున్న నాటికి" అన్న మాటలు నల్లరాతి మీద బంగారు రంగులో మెరుస్తుండగా, వాటి కింద నిలబడ్డ అతిథులు గడియారాలు చూసుకున్నారు. "ఈ ఒక్క లైన్ కోసం మా టీం అంత రెండు నెలలు రాత్రింబగళ్ళు కష్టపడ్డది" అని సాయిచంద్ మైకులో చెప్పాడు. చప్పట్లు మోగాయి. మధుకర్, యశస్విని, రవికిరణ్ తలలు వంచి వాటిని స్వీకరించారు. వెనక వరసలో కూర్చున్న వెంకటరామయ్యగారు కూడా చప్పట్లు కొట్టారు. వాక్యం ఆయనది కావచ్చు గాని, దాన్ని ముట్టుకోకుండా వదిలివేయడం నిజంగానే వారి కష్టార్జితం.

ఇంటికి వచ్చి పద్దెనిమిది వేల చెక్కూ, నాలుగు వేల నోట్లూ ఉగాది పచ్చడి గిన్నె పక్కన పెట్టారు. వీరలక్ష్మిగారు అన్నమాట ప్రకారం కోబాల్ పిల్లలకు వద్దని కబురు చేశారు. వెంకటరామయ్యగారు ముందుగదిలోకి వెళ్ళి, జరిగిన రాతబల్లను కిటికీ కిందకు మళ్ళీ జరుపుకున్నారు. ఆ సాయంత్రం అక్కడ కూర్చుని ఏమీ చదవకుండా, అన్ని పుస్తకాలనూ ఊరికే చూశారు.

ఆ సుఖం కొద్దిరోజులే సాగింది. రెండు లక్షల వాక్యాన్ని పద్దెనిమిది వేలకు రాసే పెద్దమనిషి ఒకరున్నారనీ, పైగా ఆయన దగ్గర అధికారులు పందెం కూడా కాయవచ్చుననీ మాదాపూర్‌లో పొక్కింది. వాక్యాలు కావలసిన సంస్థలు మరో రెండు ఉన్నాయట. వారు మనుషులను పంపారు. వచ్చినవారు ముందుగదిలో కూర్చునే చోటు లేక, గుమ్మంలో నిలబడి మాట్లాడారు. వారికి ధర చెప్పడానికి వెంకటరామయ్యగారు ఈసారి తడుముకోలేదు. ఒక అంకె చెప్పి, వారు తెల్లబోతే దాన్ని కళాసమీక్షగా స్వీకరించారు.

ఆ వచ్చినవారు వెళ్ళాక వీరలక్ష్మిగారు గది మధ్యలో నిలబడి, నాలుగు వైపులా కలయజూశారు.

"ఈ పెద్ద అలమారు పడకగదిలోకి మార్పించేస్తానండీ. ఇక్కడ నాలుగు కుర్చీలు పడతాయి. ఆ చిన్నదానిలో పుస్తకాలు అటక మీదకి. బల్ల ఈ మూలకి జరిపితే మీ ఎదురుగా మనుషులు కూర్చోవచ్చు."

వెంకటరామయ్యగారు ఉలిక్కిపడి లేచారు. "అది కాదు లక్ష్మీ, ఆ బల్ల కిటికీ కింద ఉంటేనే..."

వీరలక్ష్మిగారు మాట పూర్తికానివ్వలేదు. కుడి చెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పి, ఆయన ముందు పట్టారు.

"వెయ్యి" అన్నారు. "మీ మాట నిలబడితే వాపసు ఇచ్చేస్తాను."

వెంకటరామయ్యగారు ఆ అరచెయ్యి కేసి చూశారు. ఆ ఇంట్లో తాము చెప్పిన మాట సాయంత్రం దాకా నిలిచిన సందర్భాలను మనసులోనే నెమరువేసుకున్నారు. తరువాత కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, బల్లకు అవతలి కొస పట్టుకున్నారు.

"ఏ మూలకన్నావు?" అని అడిగారు.